తెలుగు డబ్బింగ్‌కు తొలి కలం.. శ్రీశ్రీ

బీఏ పాసయ్యాక నాలుగేళ్లకు గానీ చిన్న ఉద్యోగం దొరకలేదు. ఒక చోట కుదురుకునే లోపే ఇంకో ఊరు, ఇంకో కొలువు. నలభయ్యో ఏట ఓ హిందీ సినిమాకు తెలుగు మాటలు అతికించే పని వచ్చింది. ఆయన్ని మీరు పాఠ్యపుస్తకాల్లో మహాకవిగా చదువుకున్నారు. ఆయన కెరియర్‌లో పెద్దగా ఎవరూ చెప్పని ఈ అధ్యాయం మాత్రం ఉద్యోగం కోసం తిరుగుతున్న మీకే ఎక్కువ పనికొస్తుంది.

సాయంత్రం ఆరు దాటాక నాచారంలో ఏ టీ కొట్టు దగ్గరైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. ఐడీఏ కంపెనీల షిఫ్టు వదిలి వచ్చేవాళ్లు కొందరు, ఉప్పల్ నుంచి కోచింగ్ ముగించుకుని హెచ్‌ఎంటీ నగర్ రూములకు వెళ్లే మీలాంటివాళ్లు కొందరు. నోటిఫికేషన్ల మాట అయిపోగానే టాపిక్ యానిమే మీదకు మళ్లుతుంది. బ్యాగుకు వేలాడే కీచైన్ ఏ సిరీస్‌లోదో, కొత్తగా కొన్న బొమ్మ అసలుదా నకిలీదా అన్న చర్చ నడుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడూ తెగని పంచాయితీ ఒకటి.. సబ్‌టైటిళ్లతో జపనీస్‌లో చూడాలా? తెలుగు డబ్బింగ్‌లో చూడాలా?

చిన్నప్పుడు డోరేమాన్, షిన్‌చాన్ తెలుగులో మాట్లాడుతుంటే నవ్వుకున్న తరం మీది. ఇప్పుడు ‘సోలో లెవలింగ్’ తెలుగులో ఉంది. 2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ మన థియేటర్లలో తెలుగులోనూ విడుదలైంది. అదే ఏడాది జనవరిలో భారత్, జపాన్ కలిసి తీసిన పాత యానిమే రామాయణం తెలుగు మాటలతో మళ్లీ వచ్చింది. డబ్బింగ్ బాగుంటే ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఒక్క డైలాగ్ తేడాకొడితే మాత్రం టీ చల్లారే దాకా తిట్టుకుంటారు.

సరే, ఆ డైలాగులు రాసేదెవరు? తెలుగులో ఆ పని మొదలుపెట్టిందెవరు? ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో కట్టిన ఊరు కాబట్టి, సినిమా ముచ్చట నాచారానికి కొత్తేం కాదు. అయినా ఈ ప్రశ్నకు టీ కొట్టు దగ్గర జవాబు దొరకడం కష్టమే. జవాబు వింటే నమ్మడం ఇంకా కష్టం. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చెప్పుకునే ‘ఆహుతి’కి మాటలు, పాటలు రాసింది శ్రీశ్రీ. అవును, ‘మహాప్రస్థానం’ శ్రీశ్రీనే.

డిగ్రీ చేతికొచ్చింది.. ఉద్యోగమే రాలేదు

శ్రీరంగం శ్రీనివాసరావు 1910లో విశాఖపట్నంలో పుట్టారు. పుట్టింది పూడిపెద్ది వారింట. దత్తత వెళ్లడంతో శ్రీరంగం వారయ్యారు. చిన్నతనం నుంచే పద్యాలు అల్లడం అలవాటు. పదిహేనేళ్లకే పెళ్లయింది. 18 ఏళ్లకు, అంటే 1928లో, ‘ప్రభవ’ అనే పద్యాల పుస్తకం వచ్చింది. అది పూర్తిగా పాత పద్ధతి కవిత్వమే. ఛందస్సు, యతి, ప్రాస అన్నీ ఒంటబట్టించుకున్న కుర్రాడి పుస్తకం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ఈ లెక్కలే ఆయనకు కూడుపెట్టాయి.

చదువు మాత్రం జంతుశాస్త్రం. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి 1931లో బీఏ పట్టా అందుకున్నారు. టైమింగ్ చూడండి. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యం అప్పటికి ప్రపంచమంతా పాకింది. కంపెనీలు మూతపడుతున్నాయి, పంటకు ధర లేదు, పట్టా ఉన్నవాళ్లను అడిగే నాథుడు లేడు. ఇంట్లో భార్య, పైన బాధ్యతలు, చేతిలో డిగ్రీ కాగితం. మీ బ్యాచ్ బయటికొచ్చిన ఏడాదే కంపెనీలు క్యాంపస్‌కు రావడం మానేస్తే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

విశాఖలోని ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం దొరికేసరికి 1935 వచ్చింది. ఇప్పటి హెచ్‌ఆర్ భాషలో చెప్పాలంటే రెజ్యూమెలో నాలుగేళ్ల గ్యాప్. ఆ గ్యాప్‌లో ఏం చేశారంటే.. 1934లో ‘మహాప్రస్థానం’ గీతం రాశారు. పాత పద్యాన్ని పక్కనపెట్టి, నడిచే మనిషి అడుగుల్లా సాగే మాత్రల లయలో కొత్త కవిత్వం మొదలుపెట్టారు. ఆకలి, నిరుద్యోగం, దారి తప్పిన బతుకులు.. అవన్నీ ఆ కవితల్లోకి వచ్చాయి. ఖాళీగా ఉండటం గొప్ప అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఖాళీగా ఉండటం నరకమే. ఆ నాలుగేళ్లూ చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిముట్టును, అంటే భాషను, ఆయన తుప్పు పట్టనివ్వలేదు. అంతే.

ఆ రోజులు ఎంత కఠినమైనవో చెప్పడానికి ఒక పేరు చాలు.. కొంపెల్ల జనార్దనరావు. శ్రీశ్రీకి ప్రాణమిత్రుడు. ‘ఉదయిని’ అనే సాహిత్య పత్రిక నడిపారు. లేమితో సతమతమవుతూ క్షయవ్యాధితో 1937లో చిన్న వయసులోనే కన్నుమూశారు. తర్వాత శ్రీశ్రీ తన ‘మహాప్రస్థానం’ పుస్తకాన్ని ఆ మిత్రుడికే అంకితం చేశారు. ప్రతిభ ఉన్నవాళ్లందరూ గట్టెక్కుతారన్న భరోసా ఆ తరానికి లేదు. ఆ సంగతి శ్రీశ్రీ దగ్గర నుంచి చూశారు.

ఊరు మారింది, కొలువు మారింది

1938లో మద్రాసులో ‘ఆంధ్రప్రభ’ దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేరారు. సబ్ ఎడిటర్ అంటే అప్పట్లో సగం అనువాదకుడే. ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తను గబగబా తెలుగు చేయాలి, అదీ కాలమ్‌లో ఇచ్చిన చోటుకు సరిపోయేలా. ఆ తర్వాత ఢిల్లీలో ఆకాశవాణి, మిలిటరీలో కొలువు, కొంతకాలం నిజాం దగ్గర పని, ‘ఆంధ్రవాణి’ పత్రిక.. ఇలా చాలా చోట్లే తిరిగారు. ఏదీ నిలకడగా సాగలేదు.

ఇప్పుడు ఈ ఉద్యోగాల జాబితాను ఇంకోలా చూద్దాం. పత్రిక వేగంగా, కొలతకు తగ్గట్టు అనువదించడం నేర్పింది. రేడియో చెవి కోసం రాయడం నేర్పింది. వినేవాడికి పేజీ వెనక్కి తిప్పే అవకాశం ఉండదు కదా, మాట ఒక్కసారికే అర్థమవ్వాలి. శ్రీశ్రీ తర్వాతి కాలంలోనూ రేడియో నాటికలు రాస్తూనే ఉన్నారు. అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. మరోపక్క ప్రపంచ సాహిత్యం విపరీతంగా చదివి తెలుగులోకి తెచ్చేవారు. రష్యన్ రచయిత చెహోవ్ నాటకంలోని చెర్రీ తోట ఆయన చేతిలో ‘సంపెంగ తోట’ అయింది.

ఒక్క క్షణం ఆ పేరు దగ్గర ఆగండి. అప్పటి మన పాఠకుడు చెర్రీ చెట్టును చూసి ఉండడు. కానీ సంపెంగ అనగానే వాసన ముక్కుకు తగులుతుంది. అసలు నాటకంలో ఆ తోట మీద ఉండే మమకారం తెలుగువాడికి అందాలంటే చెట్టు మారాలి. ఈ రోజు స్టూడియోల్లో లోకలైజేషన్ అని పిలిచే పని సరిగ్గా ఇదే. ‘ఆహుతి’ చేతికి రాకముందే ఆ పనిలో ఆయన చెయ్యి తిరిగింది.

ఇంత చేస్తున్నా ఆయన కవితల పుస్తకం మాత్రం వెలుగు చూడలేదు. 1940లోనే చలం దానికి ముందుమాట రాశారు. యోగ్యతాపత్రం అని పేరు కూడా పెట్టారు. పుస్తకం అచ్చయి బయటికొచ్చేసరికి 1950. ముందుమాటకు, పుస్తకానికి మధ్య పదేళ్లు. ఫలితాల కోసం రెండేళ్లుగా ఎదురుచూస్తున్నామని మీరు వాపోతుంటారు కదా.. తెలుగు కవిత్వాన్నే మలుపుతిప్పిన పుస్తకం దశాబ్దం పాటు వెయిటింగ్‌లో ఉంది.

ఒకే ఏడాది.. రెండు ‘తొలి’ అడుగులు

1940ల చివర్లో శ్రీశ్రీ మద్రాసులో స్థిరపడ్డారు. తెలుగు సినిమా అప్పుడు అక్కడే ఉండేది. ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ చిత్రాన్ని తెలుగులోకి మార్చాలన్న ప్రయత్నం మొదలైంది. కొత్తగా తీయడం కాదు. బొమ్మ అదే, నటులు వాళ్లే, పెదవుల కదలికా అదే. మాట మాత్రం తెలుగులో వినిపించాలి. తెలుగులో అప్పటికి ఎవరూ నడవని దారి. ఆ పని శ్రీశ్రీ చేతికొచ్చింది. మాటలు, పాటలు రెండూ ఆయనే రాశారు. తెలుగు పాటలకు సంగీతం సాలూరి రాజేశ్వరరావు చూశారు. 1950లో ‘ఆహుతి’ విడుదలైంది. పాటలు జనం నోట నిలిచాయి.

అంటే 1950లో శ్రీశ్రీ నుంచి రెండు వచ్చాయి. ఒకటి ‘మహాప్రస్థానం’ పుస్తకం. రెండోది తెలుగు తొలి డబ్బింగ్ సినిమా. మొదటిదాన్ని ఇప్పటికీ పోటీ పరీక్షల్లో అడుగుతారు. రెండోదాన్ని ఎవరూ అడగరు. కానీ ఆ కుటుంబానికి తర్వాత కాలంలో జరుగుబాటు ఎక్కువగా సినిమా రాతల వల్లే. డబ్బింగ్ రచన శ్రీశ్రీకి ఒక్కసారి చేసి వదిలేసిన ప్రయోగం కాదు, బతుకుతెరువుగా కొనసాగిన పని.

మహాకవి స్థాయి మనిషికి ఇది చిన్న పని కాదా అని మీకు అనిపించవచ్చు. అప్పట్లోనూ కొందరు అలాగే అనుకున్నారు. ఇప్పటికీ తెలుగులో ‘డబ్బింగ్ భాష’ అంటే ఒక తిట్టే. ఆ పనిలో అసలేముందో చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

పెదవి, మాత్ర, మనసు

ప, ఫ, బ, భ, మ.. ఈ అక్షరాలు పలికి చూడండి. పెదవులు కలవకుండా పలకలేరు. తెరమీద నటుడి పెదవులు కలిసిన చోట తెలుగులోనూ వీటిలో ఒకటి పడాలి. నోరు బాగా తెరిచిన చోట ‘ఆ’కారం పడాలి. లేదంటే చూసేవాడికి ఎక్కడో తేడా కొడుతుంది, అదేంటో చెప్పలేకపోయినా సరే. మన పాత కవుల్లో కొందరు ఈ అక్షరాలు ఒక్కటి కూడా రాకుండా నిరోష్ఠ్య కావ్యాలు రాశారు. అదొక సర్కస్. డబ్బింగ్ రచయితది ఇంకో రకం సర్కస్. ఒకే వాక్యంలో కొన్నిచోట్ల పెదవి కలవాలి, కొన్నిచోట్ల కలవకూడదు. ఎక్కడెక్కడన్నది ఆయన చేతుల్లో ఉండదు.

రెండోది నిడివి. హిందీలో మూడు సెకన్లలో అయిపోయే మాట తెలుగులోనూ మూడు సెకన్లలోనే అయిపోవాలి. ఇక్కడే ‘ప్రభవ’ నాటి ఛందస్సు, ‘మహాప్రస్థానం’ నాటి మాత్రల లెక్క అక్కరకొస్తాయి. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు అని బడిలో విసుక్కుంటూ నేర్చుకున్నారే.. అది వాక్యం నిడివిని కొలిచే స్కేలు. అది ఒంటబట్టినవాడు స్టాప్‌వాచ్ లేకుండానే వాక్యాన్ని పొడిగించగలడు, కుదించగలడు. పాట అయితే ఇంకా కష్టం. ట్యూన్ ముందే ఉంది, పెదవి ముందే ఉంది, భావమూ ముందే ఉంది. మిగిలిన ఇరుకు సందులోంచి కవిత్వం నడవాలి.

మూడోది మర్యాద. హిందీలో తూ, తుమ్, ఆప్ అని మూడు మెట్లున్నాయి. తెలుగులో నువ్వు, మీరు. ఆ మధ్య మెట్టును ఎటు వేయాలో సీను చూసి తేల్చుకోవాలి. భార్యాభర్తల గొడవలో ఒకరు ‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి దిగితే చాలు, వేరే డైలాగ్ అక్కర్లేదు.

అప్పటి యంత్రాలు కూడా గుర్తుచేసుకోండి. సినిమా రీలును చిన్న ముక్కలుగా చేసి, గుండ్రంగా అతికి, అదే బిట్టును తెరమీద మళ్లీ మళ్లీ తిప్పేవాళ్లు. మాట చెప్పేవాళ్లు దాన్ని చూస్తూ సరిగ్గా పడేదాకా పలకాలి. ఇప్పటిలా ఒక్క అక్షరాన్ని మౌస్‌తో పక్కకు జరిపే సౌకర్యం లేదు. రాతలో తప్పుంటే స్టూడియోలో అందరి సమయం, నిర్మాత డబ్బు వృథా.

యానిమేకు వస్తే..

శ్రీశ్రీ తన కాలంలో ఎదుర్కొన్న ఈ మూడు చిక్కులూ మీ ఫేవరెట్ సిరీస్‌లోనూ ఉన్నాయి, కాకపోతే పాళ్లు మారతాయి. యానిమేలో చాలాసార్లు పాత్ర నోటిని కొన్ని ఆకారాలతోనే సరిపెడతారు. కాబట్టి పెదవి అక్షరాల బెడద కొంత తక్కువ. నోరు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందన్నదే ముఖ్యం. జపనీస్ కూడా మాత్రల లెక్కన నడిచే భాషే. హైకూ కొలత అయిదు, ఏడు, అయిదు అంటే అవి మాత్రలే.

ఇంకో మంచి వార్త.. జపనీస్ వాక్యంలోనూ తెలుగులోలాగే క్రియ చివర్లో వస్తుంది. అసలు విషయాన్ని చివరిదాకా దాచి, ఆఖరి మాటతో పేల్చే డైలాగు తెలుగులో చక్కగా కూర్చుంటుంది. కానీ జపనీస్ నుంచి నేరుగా కాక ఇంగ్లిష్ స్క్రిప్టు మీదుగా తెలుగు చేస్తే ఈ లాభం పోతుంది. ఇంగ్లిష్‌లో నువ్వు, మీరు రెండూ ఒకటే. సెన్‌పాయ్ అన్న పిలుపులోని గౌరవం అక్కడే జారిపోతుంది. దాన్ని తెలుగులో అన్నా అనాలా, సార్ అనాలా, పేరు చివర గారు తగిలించాలా? పాత్రల మధ్య ఉన్న బంధం తెలిసినవాడే చెప్పగలడు. ఆ సిరీస్‌ను అయిదుసార్లు చూసిన మీకు అది తెలుసు. టీ కొట్టు దగ్గర మీరు చేసే వాదనలో సగం నిజానికి ఈ ఉద్యోగానికి కావాల్సిన పరిజ్ఞానమే.

మిగతా సగం? అది తెలుగు. అక్కడే చాలామంది ఆగిపోతారు. వందల ఎపిసోడ్లు చూసినా, ఒక కోపం డైలాగును అమ్మమ్మకు అర్థమయ్యే తెలుగులో రాయమంటే పెన్ను కదలదు. శ్రీశ్రీకి సినిమా రాకముందే పాతికేళ్ల తెలుగు సాధన ఉంది. అయినా ఆయన భాషతో ఆడుకోవడం మానలేదు. పత్రికలకు పదబంధ ప్రహేళికలు తయారుచేశారు, అవే మీరు క్రాస్‌వర్డ్ అనే గళ్ల నుడికట్లు. ప్రాసలతో ఆటలాడారు, లిమరిక్కులు రాశారు. అవన్నీ తర్వాత ‘సిప్రాలి’ పేరుతో పుస్తకమయ్యాయి. పైకి అవి సరదా ఆటలు. కానీ ఇచ్చిన గళ్లలో సరిపోయే మాటను వెతకడమే డబ్బింగ్ రచయిత పొద్దున్నుంచి రాత్రిదాకా చేసే పని.

పేరు ఎక్కడ వచ్చింది?

శ్రీశ్రీ జీవితాన్ని సక్సెస్ స్టోరీగా చెప్పి ముగించడం సులువే. కానీ అది సగం నిజం. సినిమా ఆయనకు పని ఇచ్చింది, డబ్బు కూడా ఇచ్చింది. ఆ డబ్బు చేతిలో నిలవలేదు. అప్పులు, తాగుడు, సంసారంలో ఒడుదొడుకులు.. వేటినీ ఆయన దాచలేదు. ‘అనంతం’ పేరుతో రాసిన ఆత్మకథలో తన గురించి తానే మొహమాటం లేకుండా చెప్పుకున్నారు. సంపాదించడం ఒక విద్య, నిలబెట్టుకోవడం ఇంకో విద్య. రెండోది మహాకవికి కూడా దానంతట అదే రాలేదు.

గుర్తింపు కూడా డబ్బింగ్ వైపు నుంచి రాలేదు. 1972లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కవిత్వానికి, సాహిత్యానికి వచ్చింది. 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ సినిమాలో రాసిన పాటకు జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం దక్కింది. తెలుగు పాటకు ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. అది నేరుగా తెలుగులో తీసిన సినిమా. ‘ఆహుతి’కి, ఆ పురస్కారానికి మధ్య దాదాపు పాతికేళ్లు. ఆయన వేసిన దారిలో తర్వాత అనిసెట్టి సుబ్బారావు, రాజశ్రీ, వెన్నెలకంటి లాంటివాళ్లు నడిచారు. వాళ్ల మాటలకు విజిళ్లు వేసిన జనంలో ఎంతమందికి వాళ్ల పేర్లు తెలుసు? తెర వెనక పనిలో ఉన్న నష్టం ఇదే. ఈ రంగంలోకి వెళ్లాలనుకుంటే ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

1983 జూన్ 15న మద్రాసులో శ్రీశ్రీ కన్నుమూశారు. దానికి రెండేళ్ల ముందు ఒక మంచి పని జరిగింది. లండన్‌లో ఉన్న తెలుగు అభిమాని గూటాల కృష్ణమూర్తి ‘మహాప్రస్థానం’ను శ్రీశ్రీ సొంత చేతిరాతతో అచ్చువేశారు. దాంతోపాటు ఆయన స్వయంగా చదివిన క్యాసెట్ కూడా తెచ్చారు. మీ భాషలో లిమిటెడ్ ఎడిషన్. పాత పుస్తకాలు సేకరించేవాళ్లు ఇప్పటికీ దానికోసం వెతుకుతుంటారు. బొమ్మలు, కీచైన్లు దాచుకునే మీకు ఆ తపన అర్థమవుతుంది. ఒక అభిమాని పూనుకోబట్టి కవి చేతిరాత, గొంతు రెండూ మనకు మిగిలాయి.

డబ్బింగ్ స్క్రిప్టులకు మాత్రం అలాంటి అభిమానులు ఉండరు. రికార్డింగ్ అయిపోగానే ఆ కాగితాల పని తీరిపోతుంది. ఏ మాటను ఎందుకు మార్చారో, ఏ పెదవి కదలికకు ఏ అక్షరం ఎందుకు పడిందో చెప్పే ఆధారం ఉండదు. ఒక తరం నేర్చుకున్నది ఇంకో తరానికి అందకుండా పోయేది ఇలాగే. అందుకే ఈ పనిలో కొత్తవాళ్లు ప్రతిసారీ మొదటి నుంచి నేర్చుకోవాల్సి వస్తోంది.

మీరేం చేయొచ్చు?

ఈ రంగంలో గొంతు ఇచ్చేవాళ్లు ఒక్కరే ఉండరు. స్క్రిప్టు అనువదించేవాళ్లు, దాన్ని పెదవికి సరిచేసేవాళ్లు, దగ్గరుండి చెప్పించే డబ్బింగ్ డైరెక్టర్, సౌండ్ ఇంజినీర్, చివర్లో తప్పులు పట్టేవాళ్లు.. ఇన్ని పనులున్నాయి. గొంతు బాగాలేదని వెనక్కి తగ్గక్కర్లేదు. శ్రీశ్రీ తెరమీద పలకలేదు, పలికించారు.

మొదలుపెట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు. మీకు బాగా తెలిసిన ఎపిసోడ్‌లో రెండు నిమిషాల సీను తీసుకోండి. సౌండ్ ఆపేయండి. నోరు ఎక్కడ తెరుచుకుంది, ఎక్కడ మూసుకుందో గుర్తుపెట్టి తెలుగు రాయండి. ఫోన్‌లో పలికి, బొమ్మతో కలిపి చూడండి. మొదటిసారి ఘోరంగా ఉంటుంది. పదోసారికి ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది. ఇది మీ సాధన కోసం మాత్రమే. ఇతరుల సిరీస్‌ను అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో పెడితే చిక్కుల్లో పడతారు. స్టూడియోకు చూపించే శాంపిల్‌గా మీరు సొంతంగా రాసిన సీను ఉంటే మరీ మంచిది.

రాసిన ప్రతి ముక్కనూ తేదీ వేసి దాచుకోండి. పాత డ్రాఫ్టు, కొత్త డ్రాఫ్టు రెండూ. ఇంటర్వ్యూలో మీరు ఎన్ని సిరీస్‌లు చూశారన్నది ఎవరికీ అక్కర్లేదు. ఈ మాటను ఇలా ఎందుకు మార్చావని అడిగితే చెప్పగలగాలి. పని ఒప్పుకునే ముందు నిమిషానికి ఎంత ఇస్తారు, ఎన్నిసార్లు తిరగరాయాలి, పేరు వేస్తారా అన్నవి కాగితం మీద తేల్చుకోండి. ఇష్టమైన పని అని డబ్బు మాట ఎత్తకపోతే, ఆ ఇష్టాన్నే అడ్డుపెట్టుకుని తక్కువ ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

గొంతులను యంత్రాలే తయారుచేస్తున్న రోజులివి, ఇందులోకి దిగడం తెలివైన పనేనా అని మీ ఇంట్లో అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మక్కికి మక్కి తెలుగు చేసే పని యంత్రానికి పోతుంది, చాలావరకు పోయింది కూడా. చెర్రీని సంపెంగ చేయాలని తట్టడం, గొడవలో ‘మీరు’ను ఏ క్షణాన ‘నువ్వు’ చేయాలో తెలియడం.. మీ దగ్గర ఉండాల్సింది అదీ. అది లేకపోతే ఈ రంగం జోలికి వెళ్లకపోవడమే మేలు. ఉంటే, వేరే ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూనే రోజుకో గంట దీనికి పెట్టి చూడండి. శ్రీశ్రీ కూడా మిగతా కొలువులన్నీ చేస్తూనే ఇక్కడికి వచ్చారు.

రేపు సాయంత్రం టీ దగ్గర సబ్‌టైటిళ్లా, డబ్బింగా అన్న గొడవ మళ్లీ మొదలైతే ఒక పని చేయండి. నచ్చని డైలాగును తిట్టి వదిలేయకండి. అదే నిడివిలో, అదే పెదవికి, మీరైతే ఏం రాసేవారో అక్కడికక్కడే చెప్పి చూడండి. పక్కనున్నవాళ్లు నవ్వితే తిరగరాయండి, ఒప్పుకుంటే నోట్‌బుక్‌లో రాసుకోండి.